నడుం లోతు నీళ్లలో

"మీ డైరెక్టరు నిన్న బజార్లో కనపడ్డాడు. మేనేజర్ పోస్టుకి నువ్వు ఒప్పుకున్నట్టేనని చెప్పేశాను" అన్నాడు మా ఆయన, నేను తన చొక్కా ఇస్త్రీ చేస్తుంటే.

కాలరు మాడకముందే ఇస్త్రీపెట్టె పైకెత్తాను. "నన్నడక్కుండానా?"

"అడగడానికేముంది? ఏసీ గది, నీకంటూ ఓ కుర్చీ. ఎన్నాళ్లని ఆ నీళ్లలో నానుతావు?"

బఠాణీలు ఒలుస్తున్న మా అత్తగారు తలెత్తకుండానే, "తోటి కోడళ్లంతా ఎక్కడికో వెళ్లిపోయారు. ఇది మాత్రం చేరినచోటే ఉండిపోయింది" అన్నారు.

నేను ఈతకొలనులో పెద్దవయసు ఆడవాళ్లకి ఈత నేర్పుతాను. పెళ్లైన కొత్తలో చేరాను. బట్టలు తడిస్తే ఎవరేమంటారో, ఒళ్లు కనపడితే ఎవరు చూస్తారో అని బతుకంతా గట్టు మీదే నిలబడినవాళ్లు నా దగ్గరికి వస్తారు. నడుం లోతు నీళ్లలో నిలబడి వాళ్ల వీపు కింద అరచెయ్యి పెడతాను. మెడలు కర్రల్లా బిగుసుకుపోయి ఉంటాయి. ఇంట్లో ఏ పని సగంలో వదిలి వచ్చారో, వెళ్లాక ఎవరికేం సంజాయిషీ చెప్పుకోవాలో, అన్నీ ఆ మెడలోనే ఉంటాయి. ఉండగా ఉండగా ఆ బరువు నా చేతి మీంచి నీళ్లలోకి జారిపోతుంది. విసుగెత్తదా అని అడుగుతారు. ఏ ఇద్దరూ ఒకేలా తేలరు, విసుగెందుకు? మా ఆయన ఉద్యోగాలు మారినప్పుడల్లా అందరూ ఆహా అన్నారు. నేను మారకపోవడం మాత్రం చేతకానితనమైంది.

ఆ రోజు పొద్దుటి క్లాసుకి మేమంతా హెడ్మాస్టరమ్మ అని పిలిచే పెద్దావిడ వచ్చింది. నెలల తరబడి నా భుజం వదలని మనిషి. వెల్లకిలా పడుకుని కళ్లు గట్టిగా మూసుకుని, "అమ్మాయ్, చెయ్యి తియ్యకు సుమా!" అంది.

"ఎప్పుడో తీసేశానండీ."

కళ్లు తెరిచింది. మునగలేదు. నోట్లోకి నీళ్లు పోతున్నా పట్టించుకోకుండా చిన్నపిల్లలా నవ్వింది.

తడిజుట్టుతోనే డైరెక్టరు గదికి వెళ్లాను. "నాకా పోస్టు వద్దు సార్."

"మీవారు సరేనన్నారే!"

"అయితే ఆయన్నే చేర్చుకోండి."

డైరెక్టరు పడీపడీ నవ్వి, "సరేనమ్మా, మీ కొలను మీదే" అన్నాడు.

సాయంత్రం ఇంట్లో చెప్పాను. మా ఆయన మొహం జేవురించింది.

"ఎవర్నడిగి వద్దన్నావు? ఏళ్ల తరబడి అదే పని! ఎదుగూ బొదుగూ అక్కర్లేదా?"

నాకు కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. స్టవ్ ఆపి ఆయన వైపు తిరిగాను.

"పెళ్లైన మర్నాటి నుంచీ ఈ వంటింట్లో అదే పని చేస్తున్నాను. ఇక్కడ ఎదుగూ బొదుగూ లేదని మీకెప్పుడూ అనిపించలేదే? ఏదో ఒకటి మారాలంటే నేను ఈ వంటింటి ఉద్యోగం మారతాను. రేపట్నుంచి రాత్రి వంట మీది."

ఆయన వాళ్లమ్మ వైపు చూశాడు. ఎప్పుడూ అంతే, ఆవిడే ఆయన తరఫున మాట్లాడతారు.

"నా వంక చూస్తావేంరా?" అన్నారు అత్తగారు కొడుకుతో. "ఈ ఉద్యోగంలో నేను దీనికంటే ముందు చేరాను."