పైన పద్నాలుగు, కింద పదమూడుంబావు

నాకు ముక్కుమీద కోపం. ఈ మాట మా మేనత్త బంధువులందరికీ చెప్పిపెట్టింది కాబట్టి నేను దాచినా లాభం లేదు. ఆ కోపం వల్ల ఒక ఇల్లు పోగొట్టుకున్నాను. దాన్ని నోట్లోనే నొక్కిపెట్టిన రోజు ఇంకో ఇల్లు సంపాదించుకున్నాను. ఆ రెండిళ్ళ కథే ఇది.

పదహారేళ్ళుగా బట్టలు కుడుతున్నాను. ఎప్పుడూ అద్దె షాపే. కిందటేడు షాపు ఓనరు తన ప్యాంటు నడుము వదులు చేయించుకుని, అద్దంలో ముందూ వెనకా చూసుకుని, బాగుందని మెచ్చుకుని, గుమ్మం దాటబోతూ ఆగాడు.

"మూడు నెలల్లో ఖాళీ చెయ్యాలమ్మా. మా అల్లుడు ఇక్కడ మందుల షాపు పెడతాడట" అన్నాడు.

ఇలా చెప్పించుకోవడం నాకు మూడోసారి. షాపు మారిన ప్రతిసారీ పాత గిరాకీ సగం పోతుంది. కత్తెర చేతిలో ఉండగా విన్నాను కాబట్టి దాన్ని ముందు బల్లమీద పెట్టాను. పక్క షాపులో గడియారాలు బాగుచేసే ఆయనకీ అదే కబురు అందింది. ఆయన కంటికున్న భూతద్దం తియ్యకుండానే నావైపు చూసి, "ఈసారి ఎక్కడికో" అన్నాడు. ఆ క్షణంలోనే నేను నిర్ణయించుకున్నాను. ఇకమీదట నన్ను ఖాళీ చెయ్యమనే మనిషి ఈ భూమ్మీద ఉండకూడదు. పదహారేళ్ళ కూడబెట్టుడు ఒక్క చిన్న ఇంటికి సరిపోతుంది. తప్పు ఇల్లు కొన్నానంటే మళ్ళీ కూడబెట్టడానికి ఇంకో పదహారేళ్ళు నా దగ్గర లేవు.

అందుకే మేనత్త దగ్గరికి వెళ్ళాను. అత్త ముప్పై ఏళ్ళు ఇంటింటికీ తిరిగి నీటి మీటర్లు చదివింది. ఆ జీతంతోనే నాలుగు చిన్న ఇళ్ళు కొని అద్దెకిచ్చింది. అదృష్టం అంటారు అందరూ. అత్త ముందు అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

"ముందు గుమ్మం చుట్టాలకి చూపిస్తారే. మీటరు దగ్గరికి నన్ను పంపేవారు" అంది అత్త. "ఇంటి వెనక్కి వెళ్ళి చూసినదాన్ని నేను. నీకూ చూపిస్తాను. కానీ ముప్పై ఇళ్ళు చూసేదాకా ఒక్కటి కూడా కొనకూడదు, నోరు తెరవకూడదు."

మొదటిది ఒప్పుకున్నాను. రెండోది కూడా ఒప్పుకున్నాననే అత్త అనుకుంది.

అలా ఆదివారాలు తిరగడం మొదలుపెట్టాం. అత్త పాఠం చెప్పే మనిషి కాదు. నడుస్తుంది, ఆగుతుంది, ముక్కు చిట్లిస్తుంది, మళ్ళీ నడుస్తుంది. మనమే అర్థం చేసుకోవాలి. ఒక గేటు దగ్గర ఆగి మీటరు మూతమీద వేలితో గీత గీసింది. వేలికి దుమ్ము అంటింది.

"దీని మూత తెరిచి ఎన్నాళ్ళయిందో చూడు. ఇంట్లో ఎవరూ ఉండటం లేదు. ఓనరు ఎక్కడున్నాడో కనుక్కుని ఉత్తరం రాయి. అమ్మబడును అని బోర్డు పెట్టిన ఇల్లు అందరికీ కనపడుతుంది. బోర్డు పెట్టబోయే ఇల్లు మనకి కనపడాలి."

నచ్చిన ఇంటికి వాన పడుతున్నప్పుడు మళ్ళీ తీసుకెళ్ళేది. అద్దె ఎంత వస్తుందో బ్రోకర్‌ని అడగనిచ్చేది కాదు, ఆ వీధిలోనే అద్దెకుండే ముగ్గురిని అడిగించేది. ముగ్గురూ మూడు మాటలు చెబితే అన్నిటికన్నా తక్కువది పట్టుకోమనేది. ఒకసారి, చేతిలో ఉన్నదంతా పెట్టి ఒక ఇల్లు కొనొచ్చు కదా అన్నాను. అత్త నా రవికె చేతి అంచు తిరగేసి లోపల కుట్టు చూపించింది.

"లోపల ఇంత గుడ్డ ఎందుకు వదిలావు?"

"రేపు వదులు చెయ్యాల్సొస్తే పనికొస్తుందని."

"ఇంటికీ అంతే" అంది. ఆ ఒక్క పాఠం నాకు రెండోసారి చెప్పనక్కర్లేకపోయింది. రిపేర్లకని కొంత విడిగా తీసి, అది లేదనుకున్నాను.

పదిహేడో ఇంటి దగ్గర నా కళ్ళు నెత్తికెక్కాయి. చక్కటి ఇల్లు, వీధివైపు గదిలో షాపు పెట్టుకోవచ్చు, ధర నాకు అందేటట్టే ఉంది. కాగితాల్లో పక్కగోడ పొడవు నలభై అడుగులని రాసుంది. నేను నా షాపు టేపు తీశాను. పదహారేళ్ళుగా మెడలో వేలాడే గుడ్డ టేపు అది. అరవై అంగుళాల టేపుని గోడ వెంట ఎనిమిదిసార్లు వెయ్యాలి. ఎనిమిదోసారి చివరిదాకా వెయ్యకుండానే గోడ అయిపోయింది. పది అంగుళాలు తక్కువ.

"ఏమండీ, పది అంగుళాలు మింగేసి నలభై అడుగులంటారా? నేను కొలతల మీద బతికేదాన్ని. నా దగ్గర మీ పప్పులుడకవు" అన్నాను. ఇంకా చాలా అన్నాను. వీధిలో నలుగురు ఆగి విన్నారు. ఓనరు పెద్దమనిషి, ముఖం ఎర్రబడి, తలుపు వేసుకున్నాడు.

అత్త నన్ను వెనక్కి లాక్కొచ్చింది. ఇంటికొచ్చాక అలమారలోంచి ఇనుప టేపు తీసి బల్లమీద పరిచి, దాని పక్కన నా టేపు పెట్టింది. నా అరవై అంగుళాలు దాని అరవై ఒకటింబావు దగ్గర ఆగాయి. పదహారేళ్ళు లాగి లాగి కొలిచిన గుడ్డ, సాగిపోయింది. మనిషినీ దాంతోనే కొలిచాను, బట్టనీ దాంతోనే కొలిచాను, అందుకని ఒక్క జాకెట్టు కూడా బిగుతు కాలేదు, ఒక్కరూ నాకు చెప్పలేదు. తల కొట్టేసినట్టయింది.

"రేపు పొద్దున్నే వెళ్ళి ఆయనకి క్షమాపణ చెప్పు" అంది అత్త.

"ఇల్లు ఇస్తాడంటావా అత్తా?"

"ఇవ్వడు. అయినా చెప్పు."

వెళ్ళాను. ఇనుప టేపుతో ఆయన ముందే కొలిచాను. నలభై అడుగులు, పైన అరంగుళం కూడా ఉంది. తప్పు నాదేనన్నాను. ఆయన మంచినీళ్ళిచ్చి, ఇల్లు రాత్రే ఇంకొకరికి మాటిచ్చేశానన్నాడు. ఆ నీళ్ళు తాగడం కన్నా తిట్లు తినడం తేలిగ్గా ఉండేది. వెనక్కి వస్తూ ఏడ్చాను కూడా. ఖాళీ చెయ్యడానికి ఇంకా ఆరు వారాలే ఉన్నాయి.

ఇరవై మూడో ఇంటిని ఒక బ్రోకర్ చూపించాడు. ఎండలో కూడా కోటు వేసుకు తిరుగుతాడని అందరూ అతన్ని కోటు అనే పిలుస్తారు. ఆ కోటు చేతులు రెండంగుళాలు పొడుగు. చూసినప్పుడల్లా నా చెయ్యి కత్తెర కోసం వెతుక్కునేది. ఇల్లు మాత్రం నాకోసమే కట్టినట్టుంది. కింద వీధివైపు రెండు షాపు గదులు, పైన కాపురానికి రెండు గదులు. కింద గదులు ఏడాదిగా ఖాళీ. ఓనరు పాత డ్రాయింగు మాస్టారు, మోకాళ్ళ నొప్పులు, మెట్లు దిగలేక చెల్లెలి ఇంటికి వెళ్ళిపోదామనుకుంటున్నారు. ధర నా చేతిలో ఉన్నదానికి కొంచెం పైన ఉంది.

"సాయంత్రం ఇంకో పార్టీ అడ్వాన్సు పట్టుకుని వస్తోందమ్మా. మీరు ఇప్పుడే తేల్చుకోవాలి" అన్నాడు కోటు.

అత్త వరండాలో కుర్చీ లాక్కుని కూర్చుంది. "కొలుచుకో అమ్మడూ" అంది.

ఇనుప టేపుతో పైన కొలిచాను. గోడ నుంచి గోడకి పద్నాలుగు అడుగులు. కిందికి దిగి సరిగ్గా దాని కిందున్న షాపు గది కొలిచాను. పదమూడుంబావు. బయటి గోడలు కిందనుంచి పైదాకా ఒక్కటే, మందం ఒక్కటే. తొమ్మిది అంగుళాలు ఎక్కడికి పోయాయి?

మామూలుగా అయితే ఆ పాటికి కోటు చొక్కా పట్టుకునేదాన్ని. ఒళ్ళు మండింది కూడా. కానీ పదిహేడో ఇంటివాళ్ళిచ్చిన మంచినీళ్ళు గుర్తొచ్చాయి. మళ్ళీ పైకి వెళ్ళి కొలిచాను. మళ్ళీ కిందకి వచ్చి కొలిచాను. నాలుగుసార్లూ అదే. అప్పుడు గోడలు చూశాను. మూడు గోడలకి పాత సున్నం, నాలుగోదానికి మాత్రం కొత్త రంగు. వేలి కణుపుతో తట్టాను. మూడు గోడలు పలకలేదు, నాలుగోది ఖాళీ డబ్బాలా మోగింది, రంగు వెనక ఉన్నది చెక్క. పాత కోటుకి ఉన్నట్టుండి కొత్త లోపలి గుడ్డ ఎందుకు వేస్తారో నాకు తెలియనిది కాదు. కింద చిరుగుంటుంది.

వరండాలోకి వచ్చి అత్త చెవిలో చెప్పాను. అత్త నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

"అరవకుండా వచ్చావే" అంది. "సరే, లే. పైనా కిందా పంపులన్నీ గట్టిగా కట్టేసి రా."

కట్టేసి వచ్చాను. అత్త ఇంటి వెనక మీటరు ముందు గొంతుక్కూర్చుని మూత ఎత్తింది. మీటరు అద్దం కింద చిన్న ఎర్ర చక్రం ఉంది. ఇంట్లో ఒక్క పంపూ పారడం లేదు, అయినా చక్రం తీరిగ్గా తిరుగుతోంది.

"గోడలో పైపు కారుతోంది" అంది అత్త. "పునాది చెమ్మ అయితే నాలుగు గోడలూ కిందనుంచి తడుస్తాయి. ఇది ఒక్క గోడే. పైన స్నానాలగది ఎక్కడుందో చూశావుగా, సరిగ్గా దాని కిందే. తడి వాసనకి జనం భయపడి పారిపోయుంటారు. పైపు మార్చి, గోడ ఆరబెడితే సరి. ఇక డబ్బు నీది, నోరూ నీదే. నేను మాట్లాడను."

నిజంగానే మాట్లాడలేదు. అది నాకు అన్నిటికన్నా భయం వేసిన విషయం.

మాస్టారిని మెల్లిగా మెట్లు దింపుకొచ్చి, ఆయన వేలితోనే ఆ గోడ తట్టించాను. ఆయన రెండుసార్లు తట్టి కోటువైపు తిరిగారు.

"రంగు వేయిస్తానన్నావు. ఈ చెక్కలెక్కడివి?"

"అందరూ చేసేదే కదండీ, చూడ్డానికి బావుంటుందని" అన్నాడు కోటు. పొడుగు చేతుల్లో వేళ్ళు దాచుకున్నాడు. సాయంత్రం వచ్చే పార్టీ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

మాస్టారు మెట్టుమీద కూలబడ్డారు. "అయితే ఇల్లు పాడైపోయిందన్నమాట. సగానికైనా ఎవరైనా కొంటారా?" అన్నారు నాతో.

ఆ ప్రశ్న నాకు ఆశ పుట్టించింది, అది దాచను. ఔనండీ పాడైపోయింది అంటే చాలు, సగం ధరకి ఇల్లు నాది. ఆయనకి మీటరు సంగతి తెలియదు. నాకు మంచి బేరం కావాలి, ఆరు వారాలు మూడైపోయాయి. కానీ చెక్క వేసి తడిని దాచినవాడికీ, పైపు సంగతి దాచి ఇల్లు కొట్టేసే నాకూ తేడా ఏముంటుంది?

"పాడవలేదు మాస్టారూ, పైపు కారుతోంది, అంతే" అన్నాను. "ప్లంబర్ని మీరే పిలవండి. అతను చెప్పిన ఖర్చు తగ్గించండి. గోడ ఆరేదాకా, అంటే ఓ నాలుగు నెలలు, ఈ గది అద్దెకివ్వలేను కదా, ఆ అద్దె కూడా తగ్గించండి. మీకు ఇష్టమైతేనే."

ప్లంబరు వచ్చాడు, చెక్కలు ఊడదీశాడు, పైపు చూపించాడు. నేను అడిగింది పోగా మాస్టారు తనంతట తనే ఇంకొంచెం తగ్గించారు. చూసిపోయిన తొమ్మిదిమందిలో తప్పు చూపించి నిలబడింది నేనొక్కదాన్నేనట. వకీలు కాగితాలన్నీ వెనక్కి ముప్పై ఏళ్ళదాకా చూశాడు. రిజిస్ట్రేషన్ అయ్యాక కూడా రిపేర్లకని విడిగా తీసింది అలాగే మిగిలింది. అత్త మెచ్చుకోలేదు. ముప్పై అన్నాను, ఇరవై మూడే అయ్యాయంటూ మిగతా ఏడు ఇళ్ళూ చూపించడానికి మళ్ళీ ఆదివారాలు తిప్పింది.

తడి లేని గదిలో నా మిషను పెట్టుకున్నాను. నాలుగు నెలలకి రెండో గది ఆరింది. ఇనుప మేకు గుచ్చి చూసి మరీ సున్నం వేయించాను. అద్దెకని బోర్డు పెట్టిన రోజే గడియారాలాయన వచ్చాడు. ఈ మధ్యంతా ఒక మెట్లకింద బల్ల వేసుకుని కాలక్షేపం చేస్తున్నాడట. గోడలు నాలుగూ తట్టాడు. పంపులు కట్టేసి, వెనక్కి వెళ్ళి, భూతద్దం కంటికి పెట్టుకుని మరీ మీటరు చూశాడు. ఎవరు నేర్పారో అడగనక్కర్లేదు. అత్త వరండాలో పేపరు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

అద్దె మాట్లాడుకున్నాం. బేరం కూడా ఆడాడు, బాగానే ఆడాడు. అంతా అయ్యాక గుమ్మం దగ్గర నిలబడి నేలచూపులు చూస్తూ అడిగాడు.

"ఒకటి చెప్పమ్మా. ఖాళీ చెయ్యమనాల్సొస్తే ఎన్నాళ్ళ ముందు చెప్తావు?"

ఈ భూమ్మీద ఉండకూడదనుకున్న మనిషి ఇప్పుడు నేనే. ఆయన ముందు నిలబడి ఉన్నాను, చేతిలో తాళంచెవితో.

కాగితం తీసుకుని పదేళ్ళకి రాశాను. మధ్యలో నేను ఖాళీ చెయ్యమనడానికి వీల్లేదని, ఆయనకి వెళ్ళాలనిపిస్తే ఎప్పుడైనా వెళ్ళొచ్చని రాశాను. అత్త పేపరు దించి చదివింది. ఇంత మెతగ్గా ఉంటే ఎలాగని తిడుతుందనుకున్నాను.

"నా నాలుగిళ్ళలో ఉన్నవాళ్ళంతా ఎప్పటినుంచి ఉంటున్నారో ఎప్పుడైనా అడిగావా?" అంది, పెన్ను తీసుకుని సాక్షి సంతకం పెడుతూ. "ఒకామె వచ్చేనాటికి నీకింకా సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు."

గడియారాలాయన కాగితం రెండుసార్లు చదువుకుని జేబులో పెట్టుకున్నాడు. తర్వాత లోపలికి వెళ్ళి తన పెద్ద గోడగడియారం ఎక్కడ తగిలించాలా అని చూసి, ఒకప్పుడు తడిసిన ఆ గోడకే మేకు కొట్టాడు.