సన్నటి సెగ మీద గుండె

లెక్కల మాస్టారికి నాటకాలు రాసే జబ్బుంది. పగలు లెక్కలు చెప్పి పిల్లల్ని ఏడిపించేవారు, సాయంత్రాలు నాటకాలు రాసి పెద్దవాళ్ళని ఏడిపించేవారు. ఆయన నాటకంలో మొదటి రంగంలో ఎవరైనా దగ్గారంటే చివరి రంగానికి ఉండరన్నమాటే. నాటక బృందం వాళ్ళు ఆయన చాటున 'శోకం మాస్టారు' అనేవాళ్ళు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. బిరుదనుకుని ఊరుకున్నారు.

రాతంతా ఒక పాత కంప్యూటర్‌లో. నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు. మౌస్ లేదు. ఏ పని కావాలన్నా దాని భాషలో టైపు చేసి ఎంటర్ కొట్టాలి. కొత్తది కొందామంటే "అందులో రంగులెక్కువ, దుఃఖం కుదురుగా రాదు" అనేవారు. ఫ్లాపీ డ్రైవు ఎప్పుడో మూలపడింది. ఇప్పుడు సరిగ్గా కొత్త నాటకం చదివి వినిపించాల్సిన రోజు పొద్దున్నే ప్రింటరు కూడా కాగితాన్ని సగం మింగి, కీచుమని ప్రాణం వదిలింది. నాటకమేమో లోపల చిక్కుకుపోయింది.

ఆయన మేనకోడలికి ఫోన్ చేశారు. ఆమె ఆస్పత్రుల్లో రక్తపరీక్షల యంత్రాలు బాగుచేస్తుంది. ఆ యంత్రాలూ ముసలివే కాబట్టి, ముసలి కంప్యూటర్ల అలకలు ఆమెకి కొత్త కాదు. తన వర్క్‌షాపులో ఉన్న పాత లాప్‌టాప్, ఒక ప్రింటరు, టంకం పెట్టె, వైర్ల చుట్ట సంచిలో వేసుకుని వచ్చింది. లాప్‌టాప్‌లో మావయ్య వాడే తెలుగు టైపింగ్ ప్రోగ్రామే ఉంది. ఒకప్పుడు ఆయనే దొరికిన వాళ్ళందరికీ అది అంటగట్టారు.

"దీని వెనకాల సీరియల్ పోర్టొకటి బతికుంది మావయ్యా. వైరు కలిపి నాటకాన్ని ఇటు తోడేసుకుంటా."

"జాగ్రత్తమ్మా. రెండో రంగం చాలా సున్నితం."

వైరు పెట్టింది. ఫైలు పంపమని పాతదానికి చెప్పింది. పాతది పంపానంది. లాప్‌టాప్ నాకేం తెలీదన్నట్టు చూసింది.

"మాట్లాడుకోవట్లేదా?" అంటూ వంటగదిలోంచి అత్తయ్య వచ్చింది.

"మాట్లాడుకుంటున్నాయి అత్తయ్యా. కానీ దీని నోరు దాని నోటికి, దీని చెవి దాని చెవికి కలిపి ఉన్నాయి."

"మా ఇంట్లో మామూలేగా," అంది అత్తయ్య.

మేనకోడలు ఆ వైరు పక్కన పడేసి, నోటి తీగ చెవికీ చెవి తీగ నోటికీ వెళ్ళేలా మూడు తీగలతో కొత్తది చేసింది. ఈసారి లాప్‌టాప్ తెర మీద పిచ్చి గీతలు, చుక్కలు, నవ్వు మొహాలు బిలబిలమంటూ వచ్చిపడ్డాయి. నవ్వు మొహాలు చూసి మాస్టారి మొహం మాడిపోయింది.

"నేను రాసింది ఇది కాదు!"

"ఒకటి పరిగెత్తుతూ చెప్తోంది, ఇంకోటి నడుస్తూ వింటోంది. అంతే." ఆమె రెండిటి వేగాలూ ఒకటి చేసింది. అప్పుడొచ్చాయి చక్కటి తెలుగు అక్షరాలు. మొదటి పేజీ పొల్లుపోకుండా ఉంది. మాస్టారు దాన్నొకసారి చదువుకుని, తనే కళ్ళు తుడుచుకుని, బృందం కూర్చునే హాలు తాళం తీయాలంటూ వెళ్ళిపోయారు.

ప్రింటరు ఒక్కో పేజీ వదులుతుంటే అత్తయ్య నిలబడే చదవసాగింది. అందులో తనకి తెలియని ఏడుపేమీ ఉండదని ఆవిడ ధీమా. ఉన్నట్టుండి ఆవిడ నోట్లోంచి వింత శబ్దమొకటి వచ్చింది.

"ఏమైంది అత్తయ్యా?"

అత్తయ్య మాట్లాడలేక పేజీ చేతికిచ్చింది. నాటకంలో నాయకుడు భార్యతో అంటున్నాడు: "నీ కన్నీళ్ళు చూశాక నా గుండె మూతపెట్టి సన్నటి సెగ మీద ఉంచాను."

మేనకోడలు పాత కంప్యూటర్‌లో అదే చోటు తీసి చూసింది. నాయకుడి గుండె అసలు పగిలిపోవాలి. సెగ మీద ఉంచింది వంటమనిషి, పులుసుని. మధ్యలో అరపేజీ మాయమైంది.

కాగితంలో ఇంకాస్త కిందికి చూస్తే, చావుబతుకుల్లో ఉన్న తండ్రి కొడుకు చెయ్యి పట్టుకుని అంటున్నాడు: "బాబూ, నేను పోయాక మీ అమ్మని నువ్వే దులిపి ఎండలో ఆరెయ్యి." అక్కడ పోయిన ముక్కలో అప్పగింతలూ, తివాచీ గురించి పనిమనిషికి పురమాయింపూ ఉన్నాయి.

అత్తయ్య కుర్చీలో కూలబడిపోయింది. "ఇన్నేళ్ళ కాపురంలో ఈయన నన్నింత నవ్వించలేదే!"

"తప్పు నాదే అత్తయ్యా. లాప్‌టాప్ విన్నదాన్ని డిస్కులో రాసుకోవడానికి తల తిప్పినప్పుడల్లా చెవి మూసుకుంటుంది. ఆ కాసేపు పాతదాన్ని ఆగమనాలి. ఆగమని చెప్పే తీగలు నేను పెట్టలేదు. పెట్టి మళ్ళీ తీస్తా."

"పెట్టకపోతే ఏం పోతుంది?"

"అత్తయ్యా!"

"సరే, పెట్టు పెట్టు."

టంకం వేసి మరో రెండు జతల తీగలు కలిపాక నాటకం మొత్తం కన్నీళ్ళతో సహా క్షేమంగా వచ్చింది. అత్తయ్య తప్పుగా అచ్చయిన పాత కట్టా, సరిగ్గా అచ్చయిన కొత్త కట్టా రెండూ తన సంచిలోనే పెట్టుకుంది. మేనకోడలు చూసింది. అడుగుదామనుకుంది. కానీ బృందంలో ఎప్పుడూ తండ్రి వేషాలు వేసే దర్జీ గొంతులో ఆ తివాచీ మాట ఎలా ఉంటుందో వినాలని ఆమెకీ లోపల దురదగానే ఉంది. అడగలేదు.

హాల్లో బృందమంతా గుండ్రంగా కూర్చుంది. అత్తయ్య సంచిలోంచి కట్ట తీసి పంచింది. తండ్రి వేషం దర్జీది. కొలతలు తీసుకునేటప్పుడు కూడా పద్యం చదివినట్టుండే గొంతు ఆయనది. భార్య వేషం నర్సుది, నాయకుడి వేషం మందుల షాపాయనది. మాస్టారు కళ్ళు మూసుకుని, చెయ్యి గుండె మీద వేసుకుని వినడానికి సిద్ధమయ్యారు.

మందుల షాపాయన తనకున్న కరుణరసమంతా పిండి చదివాడు. "నీ కన్నీళ్ళు చూశాక నా గుండె... మూతపెట్టి... సన్నటి సెగ మీద ఉంచాను."

మాస్టారు ఒక కన్ను తెరిచారు.

నర్సు తన వంతు మాట వెతుక్కుని, పాపం, శ్రద్ధగానే అంది: "అలా అనకండి. నేను మీ పాదాల దగ్గరే రెండు తోటకూర కట్టలు తెచ్చాను, లేతగా ఉన్నాయి."

ఎవరో ముక్కుతో నవ్వారు. దర్జీ అదేం పట్టించుకోకుండా, మంచం మీద పడుకున్నట్టు వెనక్కి వాలి, వణికే చెయ్యి పైకెత్తి తివాచీ మాట అందుకున్నాడు. 'ఎండలో' దాకా వచ్చేసరికి ఆయన గొంతే జారింది. తర్వాత ఆయనా జారాడు, కుర్చీలోంచి కిందికి. ఇక హాలు హాలంతా పొట్టలు పట్టుకుంది. మందుల షాపాయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ "మాస్టారూ, మీలో ఇంతుందా!" అన్నాడు.

మాస్టారు లేచి బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నారు. కాసేపటికి అత్తయ్య కూడా వెళ్ళి పక్కన కూర్చుంది. మేనకోడలు తలుపు దగ్గరే ఆగిపోయింది.

"అది నా రాత కాదు," అన్నారాయన, గోడకేసి చూస్తూ.

"మీదేనండీ. ఒక్క అక్షరం ఎవరూ కలపలేదు. కొన్ని తగ్గాయంతే."

"మంచి కట్ట నీ సంచిలో ఉందా?"

"ఉంది."

"అయితే కావాలనే ఇచ్చావన్నమాట."

"కళ్ళజోడు మర్చిపోయా," అంది అత్తయ్య. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. ఆయన అటు చూసేసరికి ఇక దాచలేకపోయింది. "కావాలనే ఇచ్చా. పెళ్ళయినప్పట్నించీ ముందు వరసలో కూర్చుని ఏడుస్తున్నా. ఒక్కసారి మీ మాటలకి నవ్వితే ఎలా ఉంటుందో చూద్దామనిపించింది. కోపమొస్తే తిట్టండి."

ఆయన తిట్టలేదు. లోపల దర్జీ ఎవరి కోసమో ఆ మాట మళ్ళీ చదువుతున్నాడు, మళ్ళీ నవ్వులు. మాస్టారు కాసేపు విని, గొంతు తగ్గించి అడిగారు: "ఆ సన్నటి సెగ మాట... నిజంగా అంత బాగుందా?"

"కడుపు నొప్పొచ్చిందండీ."

ఆయన లేచి లోపలికి వెళ్ళేటప్పుడు అత్తయ్యకి చెయ్యందించారు.

ఆ నాటకాన్ని మంచి కట్టలో ఉన్నదున్నట్టే ఆడారు. జనం ఎప్పట్లాగే వెక్కివెక్కి ఏడ్చారు. కానీ మాస్టారి మనసు అక్కడ లేదు. తర్వాతి సెలవు రోజున మేనకోడల్ని పిలిపించి, తలుపు దగ్గరగా వేసి, "ఆ ఆగమనే తీగలు ఒకసారి పీకెయ్యవా?" అన్నారు.

"మావయ్యా!"

"పాత నాటకాలు చాలా ఉన్నాయమ్మా. ఒక్కోటీ వైర్లోంచి వదిలి చూద్దాం."

వదిలి చూశారు. మొదటి దాంట్లో పెళ్ళికొడుకు సగంలో అదృశ్యమై మళ్ళీ రాలేదు. రెండోదాంట్లో అందరూ "అయ్యో" అనే మాట దగ్గరే ఆగిపోయారు, ఎందుకన్నారో తెలియదు. నవ్వు మాత్రం ఎక్కడా లేదు. మాస్టారు మొహం వేలాడేశారు.

"అదృష్టం ఒకసారే మావయ్యా. మిషన్‌కి నవ్వించాలని ఉండదుగా. మీకుంటే మీరే రాయాలి."

ఆ మాట ఆయనకి గుచ్చుకుంది. నల్లటి తెర ముందు కూర్చున్నారు. మొదట్లో అలవాటు చొప్పున ఇద్దర్ని చంపారు, వాళ్ళని కష్టపడి బతికించారు. దర్జీని కూర్చోబెట్టుకుని ఏ మాట ఎక్కడ విరిస్తే నవ్వొస్తుందో అడిగి తెలుసుకున్నారు.

చివరికి ఒక మధ్యాహ్నం, అత్తయ్య ఆరిన బట్టలు మడతపెడుతుంటే, ఎదురుగా కూర్చుని తెర మీది మొదటి రంగం చదవడం మొదలుపెట్టారు. ఆవిడ మొహంలో ఏ మార్పూ లేదు. దుప్పటి మడిచింది, తువ్వాలు మడిచింది. ఆయన మాట మాటకీ ఆవిడకేసి చూస్తూ చదివారు. ఒక చోట, మేనల్లుడు పొరపాటున మేనమామ పళ్ళసెట్టు పెట్టుకుని పెళ్ళిచూపులకి వెళ్ళే చోట, ఆవిడ చేతిలో చొక్కా ఆగింది.

"ఆపారేం? చదవండి," అంది, చొక్కాని మొహానికి అడ్డం పెట్టుకుంటూ.