ఆది రవిక

మా మరిది లింగమూర్తి ఎగ్జిబిషను చూద్దామని హైదరాబాదు నుమాయిష్‌కు పోయి వచ్చిన నాటి నుంచి మా దుకాణంలో ఒక పిల్ల అన్నం మానేసింది. అందరూ బాగుంది బాగుంది అన్నారు. నా కడుపు మంట అక్కడే మొదలు.

కరీంనగర్ గంజు బజారులో మాది లేడీస్ టైలరు దుకాణం. మేము మేరోళ్లం, సూదే మాకు నాగలి. మా ఆయనా లింగమూర్తీ అన్నదమ్ములిద్దరూ కలిసి పెట్టిన దుకాణం అది. ఆయన పోయాక ఆయన మిషను మీద నేను కూర్చున్నాను. ముందు గదిలో బట్ట కత్తిరించే బల్ల, దాని పక్కన లింగమూర్తి మిషను. తెర వెనకాల నేనూ బాలలక్ష్మీ. కత్తెర మగవాళ్లదట, కాజాలూ హుక్కులూ ఆడవాళ్లవట. ఈ చట్టం ఎవడు పెట్టాడో గాని, వాడి చేత ఒక్క పండుగ సీజను కాజాలు కుట్టించాలని నా కోరిక.

బాలలక్ష్మి మా వాడకట్టు పిల్ల. పద్దెనిమిదేళ్లది, నిండైన మనిషి. నవ్విందంటే రెండు మిషన్ల చప్పుడూ వినపడదు. మధ్యాహ్నం మూట విప్పి జొన్నరొట్టె, చింతతొక్కు తింటుంటే చూసేవాళ్లకు ఆకలయ్యేది. దానికి ఉన్నది ఒకటే ఆశ, కత్తెర పట్టాలని. చిత్తు గుడ్డల మీద దొంగతనంగా కత్తిరించి నాకు చూపించేది. చెయ్యి మంచిది. నేను చెప్పినా లింగమూర్తి వినిపించుకోలేదు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఆడవాళ్లు ఒంటి మీద టేపు పెట్టనివ్వరు. తమకు సరిపోయే పాత రవిక ఒకటి పంపిస్తారు, అది ఆది రవిక. దాన్ని బల్ల మీద పరిచి కొత్తది కత్తిరిస్తాం. లోపల కుట్టు పక్కన రెండు వేళ్ల బట్ట కూడా వదులుతాం. మనిషన్నాక ఒళ్లు చేస్తుంది, పిల్లల్ని కంటుంది, జ్వరమొస్తే చిక్కుతుంది. ఒంటి మాట బట్ట వినాలి. మా మామ నేర్పిన విద్య అది.

లింగమూర్తి ఆ విద్యను నుమాయిష్‌లో వదిలేసి, బదులుగా ఒక గులాబి రంగు సిల్కు రవిక తెచ్చాడు. వీపు లోతుగా, చేతులు పొట్టిగా, నడుము దగ్గర పిడికిట్లో పట్టేటట్టు ఉంది. ముందు గది గోడకు మేకు కొట్టి దాన్ని తగిలించాడు.

“ఇగ గిదే మన దుకాణం ఆది,” అన్నాడు. “బాలలక్ష్మీ, గీ రైక నీకు పట్టిననాడు ముందటి మిషను మీద కూసో. దొరసాన్లు నిన్ను జూసి గసొంటిదే కుట్టియ్యమంటరు. కత్తెర గుడ నేర్పిస్త.”

కత్తెర అనగానే పిల్ల కళ్లు వెలిగాయి. రవికను చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. “గీ కుట్టు జర ఇప్పి వదులు జేసుకుంట కాకా.”

“ముట్టకు! మోడలు ఖరాబైతది. నువ్వే జర తగ్గు.”

“చెప్పు కరుస్తదని కాలు కోసుకుంటరా ఎవలన్న?” అన్నాను నేను తెర వెనక నుంచి.

“నీకు తెల్వది వదినె, గిది ఫ్యాషను,” అన్నాడు. ఆ ఒక్క మాటతో నా నోరు కట్టేసినట్టే అనుకున్నాడు.

ఆ తరువాత బాలలక్ష్మి రొట్టె మూట విప్పడం మానేసింది. అడిగితే “అవ్వ పెట్టింది, తినే వచ్చిన పెద్దమ్మా” అనేది. వాళ్ల తల్లిని అడిగితే “దుకాణంల తింట అని పట్కపోతుంది గదా” అంది. ఆ రొట్టెలు గంజులో ఆవులు తింటున్నాయి. పిల్లేమో చాయి నీళ్ల మీద బతుకుతున్నది. రోజూ పొద్దున రాగానే ఆ గులాబి రవిక ఒకసారి తొడిగి చూసుకునేది. చెయ్యి సగం దాకా ఎక్కి ఆగిపోయేది. ముఖం నల్లబడేది. ఎవరో తిట్టినట్టు తన చేతుల వైపే చూసుకునేది. ఏం పాపం చేశాయి ఆ చేతులు? మిషను తిప్పాయి, బావిలో నీళ్లు తోడాయి, తమ్ముళ్లను ఎత్తుకుని పెంచాయి.

చిక్కుతున్న కొద్దీ మెప్పు పెరిగింది. నాకు అన్నిటికన్నా మంట పుట్టించింది అదే. హుజూరాబాద్ వైపు నుంచి నిర్మలాదేవి దొరసాని కారులో వచ్చి, బాలలక్ష్మి గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

“ఎంత నాజూకైనవే పిల్లా! ఏం తింటున్నవ్?”

“ఏం తింటలేనమ్మా,” అంది పిల్ల గర్వంగా.

ఇద్దరూ నవ్వారు. లింగమూర్తి కూడా నవ్వాడు. ఒక ఆడపిల్ల ఏమీ తినడం లేదని చెబితే నవ్వే లోకం ఇది. అదే మాట ఒక ఎద్దు గురించి చెప్పి చూడండి, పశువుల డాక్టరు కోసం పరుగెత్తుతారు.

ఒకనాడు మధ్యాహ్నం నా మిషను తొక్కుతూ తొక్కుతూ బాలలక్ష్మి ముందుకు వాలిపోయింది. సూది చూపుడు వేలిలో దిగింది. చక్రం వెనక్కి తిప్పి వేలు విడిపించి, పిల్లను ఒడిలోకి లాక్కున్నాను. ఎంత తేలికగా ఉందో! భుజం ఎముక నా అరచేతికి గుచ్చుకుంది. నీళ్లు చల్లితే కళ్లు తెరిచి, పిల్ల అన్న మొదటి మాట ఏమిటో తెలుసా? “కుట్టే రైకకు నెత్తురంటలే గదా పెద్దమ్మా?”

దాన్ని గోడకు ఆనించి కూర్చోబెట్టి, తెర లాగి ముందు గదిలోకి వెళ్లాను. మేకు మీది రవికను తీసి బల్ల మీద విసిరాను.

“గిది తొడిగిన మనిషిని నువ్వు సూసినవా లింగమూర్తీ?”

“మనిషేంది వదినె?”

“ఎవల ఒంటి మీద సూసి తెచ్చినవ్? ఆమె ఏం తింటది, ఎట్ల బతుకుతుంది, నాకు జర చెప్పు.”

మా మరిది అబద్ధమాడేవాడు కాదు. ఆ గుణం ఒకటి ఉంది. తల గోక్కున్నాడు. “మనిషి కాదు. అక్కడ దుకాణం అద్దంల బొమ్మ నిలవెట్టిండ్రు. దాని మీదున్నది మస్తు మంచిగ కనవడ్డది. బతిమిలాడి దాన్నే ఇప్పించుకొచ్చిన.”

“ఆ బొమ్మకు చేతులున్నయా?”

“లేవు. నడుం దాన్క, గంతే.”

“తలకాయ?”

“తలకాయ గుడ లేదు.”

చేతుల్లేని, తలలేని, కడుపులో పేగుల్లేని చెక్క మొండేనికి కుట్టిన గుడ్డ. దానికి సరిపోలేదని నా పిల్ల ఇన్నాళ్లు ఆకలికి మాడింది!

“మేరోనివేనా నువ్వు?” అని అరిచాను. గంజులో వాళ్లు ఆగి చూస్తే చూడనీ. “మనిషిని జూసి బట్ట కుట్టుమన్నడు మీ బాపు. బొమ్మను జూసి మనిషిని కోస్తున్నవ్. ఇయ్యాల్టి సంది గా మేకు మీద గిది కనవడ్డదో, మా ఆయన మిషను ఎత్తుకొని ఇంటికి పోత. నువ్వూ నీ బొమ్మా కూసోని కాజాలు కుట్టుకోండ్రి.”

లింగమూర్తి గోడ దగ్గరికి పోయాడు. మేకు పీకి జేబులో వేసుకున్నాడు.

వెనక్కి వచ్చి బాలలక్ష్మికి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను, లేదా ఏడుస్తుందనుకున్నాను. గోడకు ఆనుకునే అంతా విన్నదట. నెమ్మదిగా అంది, “జర ఇంక తగ్గితే గా రైక నాకు పడుతుండె పెద్దమ్మా.”

నా కోపమంతా అక్కడ చల్లబడి భయమైంది. మేకు గోడ నుంచి పీకాం గాని, దీని తలలోకి దిగింది ఎట్లా పీకేది?

నా సద్ది విప్పాను. రొట్టె తుంచి పప్పులో అద్ది నోట్లో పెట్టాను. మొదటి ముద్ద చాలాసేపు నమిలింది. రెండోది తనే తీసుకుంది. తిన్నాక చెయ్యి పట్టుకుని ముందు గదికి తీసుకుపోయి, లింగమూర్తి చూస్తుండగానే టేపు దాని చేతిలో పెట్టాను.

“నీ రైక నువ్వే కొలుసుకో.”

టేపు నడుముకు చుట్టుకుని, కడుపు లోపలికి లాగి, ఊపిరి బిగబట్టింది. టేపు బిగుసుకుంది.

“ఊపిరి ఇడువు బిడ్డా.”

విడవలేదు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి గాని ఊపిరి విడవలేదు.

“ఊపిరి బిగవట్టి ఎన్ని దినాలు తొడుగుతవే రైకను? ఇడువు.”

విడిచింది. టేపు వేళ్ల మధ్య నుంచి జారి దానంతట అదే వదులైంది. అక్కడ వేలు పెట్టి పట్టుకుంది. బల్ల మీద నీలం పాప్లిన్ పరిచి సుద్దతో గీత గీసింది. ఆ గీత బయట, నేను చెప్పకుండానే, రెండు వేళ్ల బట్ట వదిలి ఇంకో గీత గీసింది. ఆ తరువాత మరిది వైపు చెయ్యి చాచింది. అతను నా ముఖం చూశాడు, పిల్ల ముఖం చూశాడు, కత్తెర ఇచ్చాడు.

సాయంత్రం ఎవరో ఒకామె వచ్చి బల్ల మీది నీలం ముక్కలు చూసి, “మంచిగున్నది కట్టింగు. ఎవల ఆది మీద కోసిండ్రు?” అని అడిగింది.

లింగమూర్తి జవాబు వెతుక్కునే లోపల బాలలక్ష్మి తల ఎత్తకుండానే అంది.

“నా ఒంటి మీద.”