పోపు పెట్టిన మంచినీళ్లు

నేను ఒక ఇత్తడి గుండిగను. చుట్టుకొలత ఏడడుగులు, లోతు రెండడుగులు, పట్టు పదహారు బిందెలు. కొలతలు ముందే చెప్పడానికి కారణం ఉంది. నన్ను చూసిన ప్రతివారూ ‘అబ్బో, ఎంత పెద్దదో’ అంటారు గాని, ఎంత పెద్దదో కనుక్కోరు. కనుక్కోకుండా పనిలోకి దిగడం మనుషులకు బాగా అలవాటు. నా జీవితంలో చెప్పుకోదగిన సంఘటన ఆ అలవాటు వల్లనే జరిగింది.

అజ్జరంలో కంచరివారు పందొమ్మిది రోజులు సుత్తులతో మొత్తి నాకు ఈ రూపం ఇచ్చారు. తెనాలి నేతి వ్యాపారి ఒకాయన నన్ను కొని, కూతురి పెళ్లిలో మూడు పూటలు వాడి, తరువాత పదేళ్లు బియ్యం బస్తాల వెనుక బోర్లించాడు. ఆయన అల్లుడు నన్నొక నాటక సమాజానికి దానం చేశాడు. వారి దగ్గర వండడానికి ఏమీ ఉండేది కాదు. తెర వెనుక నన్ను దుడ్డుకర్రలతో బాది ఉరుములు పుట్టించేవారు. ఉరుముల తరువాత వాన కురిపించే స్తోమత లేక కాబోలు, ఆ సమాజం మూతపడింది. అప్పుడు నేను విదుషీ మహిళా సమాజం చేతికి వచ్చాను.

దాని అధ్యక్షురాలు హైమవతి గారు. డెబ్బై ఒకటో ఏడు, విశ్రాంత ప్రధానోపాధ్యాయిని. దినపత్రికను ఎర్ర పెన్సిలు చేతిలో పెట్టుకొని చదివే మనిషి. శ్రీకాకుళం తీరాన్ని తుపాను ఊడ్చేసిందన్న వార్త చదివిన రోజు ఆమె పెన్సిలు కింద పెట్టి, సమావేశం పిలిచారు.

“తోచింది పట్టుకుపోవడం కాకుండా, ఏం కావాలో ఎవరినైనా అడిగితే బాగుంటుందేమో, అక్కయ్యగారూ” అన్నారు కార్యదర్శి విశాలాక్షి గారు.

“కష్టంలో ఉన్నవాళ్లచేత నోరు విప్పి అడిగించడం సంస్కారం కాదు, విశాలాక్షీ. వేడివేడిగా పులిహోర వండి పెడదాం. పాడవదు, పంచడం తేలిక.”

ఈ దేశంలో తుపాను రాగానే ప్రతి మంచి మనిషికీ తోచే మొదటి ఆలోచన పులిహోర. ఎందుకో ఏ శాస్త్రమూ వివరించలేదు.

నన్ను వ్యానులో ఎక్కించారు. నా కడుపులో ఇరవై కిలోల బియ్యం, చింతపండు, నూనె డబ్బాలు, ఇంగువ, సమాజం పేరూ, అధ్యక్షురాలి ఫొటో ఉన్న పన్నెండడుగుల ఫ్లెక్సీ. పదమూడు గంటల ప్రయాణం. డ్రైవరు కోటయ్య ప్రతి గతుకు దగ్గరా వెనక్కి తిరిగి, “గుండిగ పదిలమేనా అమ్మగారూ” అని అడిగేవాడు. వెంట వచ్చిన హైమవతి గారి, విశాలాక్షి గారి నడుముల గురించి ఒక్కసారీ అడగలేదు.

కొత్తరేవుపేట చేరాం. ఇరవై ఇళ్ల మత్స్యకారుల పల్లె. అందులో పైకప్పు మిగిలినవి నాలుగు. సరుగుడు చెట్లన్నీ ఒకే దిక్కుకు వంగి పడుకున్నాయి. పడవ ఒకటి బడి వరండాలో కూర్చుని ఉంది. మగవాళ్లు వలలు వెతకడానికి వెళ్లారు. ఆడవాళ్లు వచ్చి మర్యాదగా నిలబడ్డారు. వాళ్లలో పెద్దది గనగళ్ల దానమ్మ. హైమవతి గారు ఆమెను అడిగినది ఒక్కటే:

“కాసిని మంచినీళ్లు తెప్పిస్తావా అమ్మా? వంట మొదలుపెట్టాలి.”

దానమ్మ పక్కిళ్ల వైపు చూసింది. తరువాత వెళ్లి బిందె తెచ్చింది.

బియ్యం మూడుసార్లు కడగడం హైమవతి గారి నియమం. ఒక్కొక్క కడుగుకు మూడు బిందెలు చొప్పున తొమ్మిది బిందెలు ఇసుకలో ఇంకిపోయాయి. ఎసరుకు ఆరు. చింతపండు నానడానికి, గిన్నెలు తొలవడానికి, వచ్చినవాళ్లు చేతులు కడుక్కోవడానికి ఐదు. అడిగినప్పుడల్లా ఒక ఇంటి నుంచి ఒక బిందె వచ్చింది. ఆడవాళ్లు బిందెలు దించి పక్కకు తప్పుకున్నారు. మూడో కడుగు పారబోసినప్పుడు మాత్రం ఒక ముసలామె గబగబా వచ్చి కుండ పట్టింది.

“పశువులకు కాబోలు” అన్నారు హైమవతి గారు, మెచ్చుకోలుగా.

పల్లెలో పశువులు లేవు. ఆ సంగతి నేను గమనించాను, ఆమె గమనించలేదు. గంజి వార్చినప్పుడు పదిమంది చెంబులతో చుట్టుముట్టారు. అప్పుడు విశాలాక్షి గారి కళ్లు చెమర్చాయి. ఆకలిని చూశాననుకున్నారు ఆమె.

పులిహోర పసుపుపచ్చగా, పరిమళంగా, అన్ని విధాలా నిర్దోషంగా తయారైంది. విస్తరి ముందు కూర్చున్న దానమ్మ రెండు ముద్దలు తిని ఆగింది.

“బాగోలేదా?” అన్నారు హైమవతి గారు.

“ఎందుకు బాగోదమ్మా. మొన్నొచ్చినోల్ల పులోర కన్నా ఇదే నయం. ఆల్లు కారం ఎక్కువేసీసినారు.”

“మొన్న ఎవరు వచ్చారు?”

“ఐదు వేన్లు వచ్చినాయమ్మా. అన్నీ పులోరే. మా కుక్కలు కూడా వేను సప్పుడింటే తోటలకెల్లిపోతన్నాయి.”

హైమవతి గారు మాట మార్చారు. “సరే, ముందు గొంతు తడుపుకో. మంచినీళ్లు తీసుకో.”

“నేవమ్మా.”

“మీ ఇంట్లో లేకపోతే పక్కింట్లో...”

“పక్కింట్లో ఉన్నాయిలే అనుకొనే నేనిచ్చీసినాను. ఆల్లు మాయింట్లో ఉన్నాయనుకున్నారు. ఇరవై బిందెలూ ఇందులోకే ఎల్లినాయి.” దానమ్మ నా అంచు మీద చేయి వేసింది. “నూతిలోకి సంద్రం వచ్చీసింది. టేంకరు మల్లా లచ్చివారం వస్తాది.”

ఆ రోజు మంగళవారం.

“ముందే ఎందుకు చెప్పలేదు?” అన్నారు హైమవతి గారు. ముప్పై నాలుగేళ్లు పిల్లలను భయపెట్టిన గొంతు అది. ఇప్పుడు అందులో భయం ఉంది.

“అంత దూరం నుంచి వచ్చి నీల్లడిగితే నేవని ఏ నోటితో సెప్తామమ్మా?”

ఇరుపక్షాలూ సంస్కారవంతులే. అందుకే పల్లెలో చుక్క నీరు మిగల్లేదు.

మంచినీటి ట్యాంకు పదకొండు కిలోమీటర్ల దూరంలో, రోడ్డు కూడలి దగ్గర ఉందట. ఆ గతుకుల రోడ్డు మీద బిందెలు దొర్లిపోతాయి; అంత నీరు నిలబెట్టి మోయగల పాత్రను నేనొక్కదాన్నే. నాలోనేమో పులిహోర. హైమవతి గారు పది క్షణాలు ఆలోచించి, “ఫ్లెక్సీ పరవండి” అన్నారు. విదుషీ మహిళా సమాజం పేరు మీద, ఆమె ఫొటో మీద పులిహోర గుట్టగా పడింది. విశాలాక్షి గారు ముక్కు దగ్గర నుంచి మెతుకులు పక్కకు తోశారు. “ఉండనీ” అన్నారు హైమవతి గారు. నన్ను తోమడానికి నీళ్లు లేవు గనుక, ఇసుకతో రుద్ది సముద్రపు నీటితో కడిగారు.

ట్యాంకు దగ్గర కాపలా మనిషి కుళాయికి తాళం వేసుకొని కూర్చున్నాడు.

“ఆపీసరు సంతకం ఉన్న కాయితం ఉందా?”

హైమవతి గారు పౌరుల హక్కుల గురించి ఏడు వాక్యాలు చెప్పారు. ఏడూ నిర్దుష్టమైనవి. అతను చెవి గోక్కున్నాడు.

“కాయితం నేకపోతే ఇవ్వనమ్మా. రోజూ వేన్లొస్తన్నాయి. ఈ నీల్లట్టుకెల్లి ఏటి సేస్తారు?”

ఆమె తాళం వైపు చూస్తూ నిలబడ్డారు. నేను ఆమె పక్కనే ఉన్నాను. ఒక మనిషి తన తప్పును వాక్యంగా కూర్చుకోవడానికి ఎంత సమయం పడుతుందో అప్పుడు తెలిసింది.

“కొత్తరేవుపేటవాళ్లు దాచుకున్న నీళ్లు ఇరవై బిందెలు నేను ఖర్చు చేశాను. అందులో తొమ్మిది ఇసుకలో పోశాను. వాళ్లను అడగకుండా పులిహోర వండాను. ఆ నీళ్లు తిరిగి ఇవ్వాలి.”

“మీరు కూడా పులోరేనా?” అన్నాడతను. తరువాత లేచి తాళం తీశాడు. “ఆరు వేన్లలో ఒప్పుకున్నది మీరొక్కలే. పట్టుకోండి, సాయంత్రం దాకా.”

తొణకకుండా పన్నెండు బిందెల లెక్కన నాలుగుసార్లు తిరిగాం. కోటయ్య గతుకుల దగ్గర వ్యానును ఉయ్యాలలా నడిపాడు. మొదటి విడత నీళ్లు దానమ్మ దోసిట్లో పట్టి తాగింది. ఒక నిమిషం నాలుక మీద నిలిపి చూసింది.

“నీల్లకి కూడా పోపెట్టినారేటమ్మా?”

ఇసుక తోముడుకు ఇంగువ లొంగదు. ఆడవాళ్లందరూ నవ్వారు. హైమవతి గారు కూడా నవ్వారు. విశాలాక్షి గారు ఆ దృశ్యం పదకొండేళ్లలో మొదటిసారి చూశానని తరువాత చెప్పారు.

లక్ష్మీవారం ట్యాంకరు రాలేదు. శుక్రవారం మధ్యాహ్నం వచ్చింది. అంతవరకూ వాళ్లిద్దరూ బడిలోనే, పడవ పక్కన చాప వేసుకొని ఉండిపోయారు. బయలుదేరేటప్పుడు విశాలాక్షి గారు నన్ను చూపించి, “ఎక్కించమంటారా, అక్కయ్యగారూ?” అన్నారు.

“అందులో నీళ్లున్నాయి.”

“ఎంతో లేవు. పారబోస్తే...”

హైమవతి గారు ఆమె వైపు చూశారు. “ఇంకొకసారి పారబొయ్యమంటావా?”

విశాలాక్షి గారు వ్యానెక్కారు. “ఖాళీ అయ్యాక కబురు చెయ్యి, దానమ్మా” అని మాత్రం అన్నారు.

ఇది జరిగి నాలుగేళ్లయింది. నన్ను దానమ్మ ఇంటి ముందు ఎత్తుగా ఇటుకల మీద నిలబెట్టారు. పడవ చెక్కతో మూత చేశారు. ఉప్పుగాలికి నా ఒళ్లు పచ్చబడుతుంది, నెలకోసారి చింతపండుతో తోముతారు. పై వారానికి ఏం కావాలో పల్లె ఆడవాళ్లు నా చుట్టూ చేరి తేల్చుకుంటారు. అడగవలసిన వాళ్లను అడిగే సభ ఇది. నేను చూసిన రెండు సమాజాల సమావేశాలకన్నా త్వరగా ముగుస్తుంది.

ప్రతి సంవత్సరం సమాజం సామాన్ల జాబితాలు సరిచూసే నెలలో విశాలాక్షి గారు ఫోను చేస్తారు. “ఏం దానమ్మా, గుండిగ ఖాళీ అయిందా?”

దానమ్మ మూత తీసి, నా అడుగున ఎప్పుడూ మిగిల్చి ఉంచే చెంబెడు నీళ్ల వైపు చూసి, నిజమే చెబుతుంది.

“ఇంకా నేదమ్మా.”