కోసిన రంధ్రం మూసుకుంటుందా?

ప్లంబరు మేస్త్రికి లోకంలో ఎవరి మీదా నమ్మకం లేదు. ఎలా ఉంటుంది మరి! ముప్ఫై ఏళ్లుగా ఇంటింటి పైపులూ విప్పినవాడు. "మేమేం పడెయ్యలేదు మేస్త్రీ" అని ఒట్టేసిన ఇళ్లలోనే దువ్వెనలూ, బొమ్మల కాళ్లూ బయటికి లాగినవాడు. తోటి పనివాళ్లు వాషరు వదులుగా బిగించి, మళ్లీ కబురొచ్చేలా చేసుకోవడం కళ్లారా చూసినవాడు. ఆయన భార్య మాత్రం ఎవరేం చెప్పినా నమ్మేసే మనిషి. ఎలా కుదిరిందో ఆ జోడీ!

అలాంటి మేస్త్రికి వచ్చిపడింది కష్టం. ఒంటేలుకి వెళ్తే పావుగంట. ధార దారంలా సన్నగా వచ్చి, పక్కకి చిమ్మి, ప్యాంటు తడిపేది. సిగ్గుతో ఏడాది దాచాడు. చివరికి భార్యే బతిమాలి ఆస్పత్రికి తీసుకెళ్లింది.

డాక్టరు పరీక్ష చేశాడు. "మూత్రం వచ్చే దారి చివర మూసుకుపోతోంది. పిన్నీసు మొన పట్టేంతే ఉంది. మత్తు సూది వేసి, చిన్న కోత కోసి వెడల్పు చేస్తాను. సాయంత్రానికి ఇంటికెళ్లిపోవచ్చు."

ఇంత బాధకి అంత చిన్న కోతా? మేస్త్రి కనుబొమ్మలు ముడిపడ్డాయి.

"చివరే అని ఎలా చెప్తారండీ? మా పనిలో అడ్డం ఎప్పుడూ లోపలే ఉంటుంది."

"కోశాక లోపలా చూస్తాను లెండి."

అన్నట్టే చూశాడు. లోపల శుభ్రంగా ఉంది. మర్నాడు మంట నషాళానికి అంటింది గానీ, ధార తిన్నగా పడింది! మేస్త్రి బాత్రూం గోడ పట్టుకుని తనలో తాను నవ్వుకున్నాడు.

అయితే డాక్టరు ఒక మందు ట్యూబు ఇచ్చాడు. దాని సన్నటి మొనకి మందు రాసి, రెండు పూటలా రంధ్రంలో కొంచెం పెట్టి తియ్యాలట. రెండు నెలలు. లేకపోతే అంచులు మళ్లీ అతుక్కుంటాయట.

"అతుక్కుంటాయా? ఎవరి చెవిలో పువ్వులు పెడతాడు?" అనుకున్నాడు మేస్త్రి. డ్రిల్లు పెట్టి తొలిచిన రంధ్రం మూసుకోవడం ఆయన జన్మలో చూళ్లేదు. ఇదేదో మనిషిని తన చుట్టూ తిప్పుకునే ఎత్తు. పైగా, అబ్బో, ఆ మంట మీద మళ్లీ మొన పెట్టుకోవడమా!

"పెట్టుకున్నారా?" అని భార్య రోజూ అడిగేది.

"ఆఁ, ఆఁ."

ఆమె అడుగుతుందని, పూటకి బఠాణీ గింజంత మందు బాత్రూం తూములోకి పిండేసేవాడు.

రెండు నెలలు నిండకుండానే ధార మళ్లీ రెండుగా చీలింది. "అనుకున్నానే! కావాలనే తక్కువ కోశాడు!" మేస్త్రి కడిగి పారేద్దామని భార్యని వెంటబెట్టుకుని వెళ్లాడు.

డాక్టరు చూశాడు. "మందు పెట్టారా?"

"రెండు పూటలా."

"అవునండీ," అంది భార్య. "ట్యూబు మొత్తం అయిపోయింది. ఒక్క పూట కూడా మానలేదు పాపం."

డాక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు. "అయితే తప్పు నాదేనండీ. మీరు ఇంత చేసినా మూసుకుందంటే, ఇది చిన్న కోతకి లొంగేది కాదు. నేనే తక్కువ అంచనా వేశాను. బుగ్గ లోపలి పొర కొంచెం తీసి అక్కడ అతకాలి. పెద్ద ఆపరేషనే. క్షమించండి."

ఆయన కాగితం తీసి రాయడం మొదలుపెట్టాడు. భార్య కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మేస్త్రి ఆ కాగితం వంకే చూశాడు. తిట్టడానికి వచ్చాడు తను. ఈయనేమో తన మాట పట్టుకుని, మారుప్రశ్న లేకుండా, నేరం నెత్తిన వేసుకుంటున్నాడు! ఇన్నేళ్ల పనిలో తప్పు నాదే అని తను ఒక్క ఇంట్లోనైనా అన్నాడా? సిగ్గుతో చచ్చిపోయాడు.

"రాయకండి," అన్నాడు మేస్త్రి. "పెట్టుకోలేదు. ఒక్క పూట కూడా పెట్టుకోలేదు."

"మరి ట్యూబు?" అంది భార్య.

"తూములోకి పిండేశాను."

డాక్టరు కలం పక్కన పెట్టేశాడు. మళ్లీ చిన్న కోతే కోశాడు, మళ్లీ ట్యూబు ఇచ్చాడు.

మర్నాడు పొద్దున మేస్త్రి ట్యూబు పట్టుకుని బాత్రూంలోకి వెళ్లి తలుపు వెయ్యబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"గడియ పెట్టకండి. నా కళ్లముందే పెట్టుకోండి."