పురిటి గదిలో ఆపేసిన ఫ్యాను

నొప్పులు పడుతున్న తల్లి మాస్కును ముఖానికి అదుముకుని, నొప్పి తగ్గించే నవ్వించే గ్యాస్‌ను గట్టిగా పీల్చింది. బాధ కాస్త తగ్గగానే నవ్వింది. పక్కనున్న మంత్రసాని మైకెన్ కూడా నవ్వింది. ఉత్తర స్వీడన్‌లోని ఆ ఆసుపత్రిలో ఇది రోజూ కనిపించే ముచ్చటే. కానీ ఆ తల్లి ఊపిరితో బయటికి వదిలిన గ్యాస్ ఎక్కడికి పోతోందో ఎవరైనా అడిగారా?

మైకెన్ ఊపిరితిత్తుల్లోకి పోతోంది.

చలికాలం మొదట్లో ఆమె అరికాళ్ళు మొద్దుబారాయి. మంచులో తిరగడం వల్ల అనుకుంది. తర్వాత చేతివేళ్ళకు తిమ్మిరి పాకింది. ఒకనాడు అప్పుడే పుట్టిన పాపను తుడుస్తుంటే పట్టు జారింది. తోటి మంత్రసాని తూవా చటుక్కున అందుకుంది.

"అక్కా! ఏమైంది నీకు?"

"పాప నా చేతుల్లో ఉన్నట్టే తెలియలేదే," అంది మైకెన్.

పరీక్షలు చేసిన డాక్టరు ఇల్వా నిట్టూర్చింది. "గదిలో గ్యాస్‌ను బయటికి లాగే ఫ్యాను తిరుగుతోందా? రోజూ ఇంత పీలిస్తే ఒంట్లో బి12 విటమిన్ పనిచేయడం మానేస్తుంది. నరాలు దెబ్బతింటాయి. కడుపుతో ఉన్నవాళ్ళకైతే మరీ ప్రమాదం."

తూవా కడుపుతోనే ఉంది. మైకెన్ నేరుగా ఆసుపత్రి అధికారి తోర్‌స్టెన్ గదికి వెళ్ళింది. అతను కాఫీ తాగుతూ దాల్చినచెక్క బన్ను తింటున్నాడు.

"ఫ్యానా? నేనే ఆపించాను. ఒకటే రొద! మనం 'ప్రశాంత ప్రసవం' అని ప్రకటనలిస్తున్నాం కదా. అయినా నవ్వించే గ్యాసే కదా మైకెన్, నవ్వుకుంటూ పనిచేసుకోక ఈ ఏడుపేంటి?"

"తూవా కడుపుతో ఉంది. నీకు తెలుసా?"

"తెలుసు. బయట మాత్రం అనకు, జనం బెదిరిపోతారు," అంటూ అతను వేళ్ళకంటిన చక్కెర నాక్కున్నాడు.

మైకెన్ బయటికి నడిచి తోటి మంత్రసానులందరికీ ఆ మాటలు చెప్పింది.

మర్నాడు మంత్రసానులంతా ఒక్కటై నిలబడ్డారు. ఫ్యాను తిరిగేదాకా గ్యాస్‌ను ముట్టుకునేది లేదన్నారు. ప్రమాదకరమైన పనిని ఆపించే అధికారమున్న కార్మిక సంఘం ప్రతినిధి పురిటి గదులు మూయించాడు. తల్లులను పక్క ఊరికి పంపాల్సి వచ్చింది, పత్రికలు రాశాయి, తోర్‌స్టెన్ కుర్చీ ఊడింది. ఫ్యాను మళ్ళీ రొద పెట్టింది. తూవాకు ఆరోగ్యంగా కొడుకు పుట్టాడు. మైకెన్ అరికాళ్ళకు మాత్రం స్పర్శ పూర్తిగా తిరిగి రాలేదు.

వసంతంలో జరిగిన సంఘం సభలో ఆమె కర్ర ఊతంతో లేచి నిలబడింది.

"తల్లులకు ఆ గ్యాస్ కావాలి, ఇవ్వండి. కానీ పనిచేసేవాళ్ళ ముక్కుకు విషం అందిస్తూ ప్రశాంతత గురించి మాట్లాడడం కంటే అసహ్యమైన పని లోకంలో లేదు. మనం పీల్చే గాలి శుభ్రంగా ఉండడం ఎవరూ మనకు పెట్టే భిక్ష కాదు, మన హక్కు!"