ఇంటికో జీడి

ఉప్పుగూడ స్టేషన్ రోడ్డులో ఇస్త్రీ బండి పెట్టుకున్న కాశమ్మకు సర్కారు మీద కోపమేమీ లేదు. కోపం తెచ్చుకునే తీరిక కూడా లేదు. అందుకే మనవరాలు అమల బడి నుంచి వచ్చి, "అవ్వా, ఇయాల సర్కారోళ్లు బడికొచ్చి అందరికీ కాజూ పంచిండ్రు" అంటే, "మంచిదే బిడ్డా, తిను" అని తలెత్తకుండానే అంది.

చొక్కాలన్నీ మడతపెట్టాక గానీ ఆ పొట్లం వైపు చూడలేదు. పైన తెల్లటి పప్పుల బొమ్మ నిగనిగలాడుతోంది. లోపల మాత్రం బూడిద రంగు గింజలు, మందపాటి పెంకులతో.

"కాజూ అంటివి, ఇవేంది?"

"నాటుకునే ఇత్తులంట అవ్వా. ఎక్కడ్నో తోటలు మస్తుగ పెంచుతుండ్రంట, మనం గూడ పెంచాల్నంట. 'ఇంటికో జీడి' అని రాసిండ్రు చూడు. కాజూనే తెలుగుల జీడి అంటరంట."

ఉప్పుగూడలో నాటడానికి మట్టెక్కడిది? గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు, తులసి కూడా పెయింటు డబ్బాలోనే. ఇలాంటి చోట పిల్లల చేతికి విత్తనమిస్తే అది నోట్లోకి కాక ఎక్కడికి పోతుంది? పథకం రాసిన మహానుభావుడికి ఈ పాటి తోచలేదు.

కానీ కాశమ్మను పట్టుకున్నది జీడి అన్న మాట. ఈ బస్తీలో అందరూ కాజూ అనేవాళ్లే. జీడి అంటే ఆమెకు తెలిసింది ఒక్కటే. ఆమె తల్లి నల్లజీడి రసంతో ఉతకడానికి వచ్చిన ఇంటింటి బట్టలకు గుర్తులు పెట్టేది. ఏడేళ్లప్పుడు కాశమ్మ ఒక గింజ కొరికింది. మూతి వాచి, కళ్లు పూడుకుపోయి, ఎనిమిది రోజులు మంచినీళ్లు కూడా చుక్కచుక్కగానే మింగింది. గడ్డం మీద మచ్చ ఇంకా ఉంది.

సూదితో ఒక గింజ పెంకు గుచ్చి చూసింది. నూనెలాంటి రసం ఊరింది. గింజ వేరైనా గుణం అదే.

"నువ్వు తిన్నవా?"

అమల నేల చూపులు చూసింది. "లేదవ్వా. స్వీటీ కాల్చుకొని తింటనన్నది."

అమల క్లాసు పిల్ల స్వీటీ ఇల్లు పట్టాలకు అవతల. తల్లి స్వరూప డ్యూటీ దిగేసరికి ఆరవుతుంది. కిటికీ లేని ఆ వంటగదిలో జీడి పొగ నిండితే పిల్ల కళ్లు ఏమవుతాయో కాశమ్మకు తెలుసు. బండి అలాగే వదిలేసి, అమల చెయ్యి పట్టుకుని పరుగెత్తింది.

గేటు పడి ఉంది. రైలు ఎంతకీ కదిలిపోదు. కాశమ్మ యేసయ్యనూ ఎల్లమ్మనూ ఒక్క గుక్కలో మొక్కుకుంది. ఇంత భయం ఆమె మొగుడు పోయిన రోజు కూడా ఎరగదు.

స్వీటీ తలుపు తీసింది. పొయ్యి మీద పెనం, పెనంలో గింజలు, చేతిలో అగ్గిపెట్టె. ఇంకా గీయలేదు. కాశమ్మ గింజలన్నీ చీర కొంగుతో ఎత్తి సంచిలో వేసి ముడేసింది.

"కొరికినవా?"

"లే కాశవ్వా. గట్టిగున్నయని పెనంల ఏసిన."

"ముట్టుకుంటివి గదా. సబ్బుతోని కడుగు, మల్ల కడుగు. జీడి ఆ పూట ఏం చెయ్యదు బిడ్డా. మంచిగనే ఉన్నమనుకుంటం. రెండోనాడు బొబ్బ లేస్తది."

పిల్ల చేతులు రెండుసార్లు తానే తోమి, పక్కింటావిడకు అప్పజెప్పి బయటికొచ్చింది. పెద్ద గండం గడిచిందని ఆమె మనసు తేలికపడింది. సర్కారును నాలుగు తిట్లు తిట్టింది కూడా. గేటు దగ్గరికి వచ్చాక అమల అవ్వ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అవ్వా, రెండోనాడు అంటే రేపా?"

కాశమ్మ ఆగిపోయింది. వంగి పిల్ల గడ్డం ఎత్తింది. కింది పెదవి లోపలి అంచున గోధుమరంగు మరక.

"నువ్వే తినమంటివి గదా" అంది అమల.

కాశమ్మ పిల్లను చంకనెత్తుకుంది. ఎదురుగా వస్తున్న ఆటోకు చెయ్యెత్తింది, అది ఆగకముందే దవాఖానా అని అరిచింది.